అమ్మాయి గీసిన ఈకలు సరైనవే

కిందటి నెల ఈ శీర్షికలో డైనోసార్ల గుడ్ల గురించి రాశాను. అప్పటి నుంచి వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే జంతువు చుట్టూ తిరుగుతున్నాయి. అది వెలాసిరాప్టర్ అనే చిన్న మాంసాహార డైనోసార్. సినిమాల పుణ్యమా అని పిల్లల నోట బాగా నలుగుతున్న పేరు. నాకూ ప్రాణప్రదమైన జంతువు. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలను పక్కన పెట్టి పేజీ మొత్తం దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. పాఠశాలలో చిత్రలేఖనం పోటీకి వెలాసిరాప్టర్ బొమ్మను ఒళ్లంతా ఈకలతో, చేతులకు రెక్కలతో గీసింది. "డైనోసార్‌కు ఈకలేమిటి, కోడి అనుకున్నావా?" అంటూ ఉపాధ్యాయుడు బొమ్మను పక్కన పెట్టేశారట. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. ఏదో పుస్తకంలో చూసే గీశానంటోంది. ఏది నిజం?
— ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీ అమ్మాయి గీసిందే సరైనది. ముందు ఆ మాట పాపకు చెప్పి రండి. మిగతాది ఇద్దరూ కూర్చుని తీరిగ్గా చదవండి. రేపు బడిలో చూపించడానికి పాప దగ్గర ఆధారాలు ఉండాలి.

ఈకలు మెత్తటివి, మట్టిలో కలిసిపోతాయి, మరి ఇన్ని కోట్ల ఏళ్ల తరువాత ఎలా తెలిసిందని ఆ ఉపాధ్యాయుడు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఎముక మీదే ఉంది.

నేను డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధించిన దాన్ని. మా ప్రయోగశాలలో అద్దాల బీరువాలో ఒక పావురం అస్థిపంజరం ఉండేది. పావురం ముంజేతిలో రెండు ఎముకలు పక్కపక్కన ఉంటాయి. సన్నగా, తిన్నగా ఉన్నది రత్ని. లావుగా, కాస్త వంగి ఉన్నది అరత్ని. ఆ అరత్ని వెనక అంచు వెంట గోటిని నెమ్మదిగా జరపమని విద్యార్థులకు చెప్పేదాన్ని. గోరు వరసగా చిన్న చిన్న బుడిపెలకు తగిలేది. రెక్కలోని పెద్ద ఈకల మొదళ్లు ఆ బుడిపెల దగ్గరే బలమైన తంతువులతో ఎముకకు బిగిసి ఉంటాయి. ఈక రాలిపోయినా, కుళ్లిపోయినా బుడిపె మిగులుతుంది. అప్పటిదాకా ఎముకల పేర్లు బట్టీ పట్టిన పిల్లలు ఆ బుడిపెలు గోటికి తగలగానే ఒక్కసారి తలెత్తి చూసేవారు.

1998లో మంగోలియాలోని గోబీ ఎడారిలో ఒక వెలాసిరాప్టర్ ముంజేయి దొరికింది. అలన్ టర్నర్, పీటర్ మకోవికీ, మార్క్ నోరెల్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలించి 2007లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రకటించారు. ఆ జంతువు అరత్ని వెనక అంచున సమాన ఎడంలో ఆరు బుడిపెలు ఉన్నాయి. నేను పావురంలో చూపించిన బుడిపెలే, అదే చోట. వాటి మధ్య దూరాన్ని బట్టి లెక్కగడితే ఆ ముంజేతికి 14 పెద్ద ఈకలు ఉండి ఉండాలి. సన్నని నూగు ఎముక మీద ఇలాంటి గుర్తు వదలదు. కాడ ఉన్న, రెక్కకు పనికొచ్చే అసలైన ఈకలే వదులుతాయి.

ఇది చాలదంటే దాని చుట్టాలను చూడవచ్చు. చైనాలోని లియావోనింగ్‌లో ఒకప్పుడు అగ్నిపర్వతాల బూడిద సరస్సుల్లో పడి, అడుగున మెత్తని పొరలుగా పేరుకుంది. ఆ పొరల మధ్య చిక్కిన జంతువుల ఈకలు రాతిమీద ముద్ర వేసినట్టు నిలిచిపోయాయి. వెలాసిరాప్టర్ కుటుంబానికే చెందిన మైక్రోరాప్టర్‌కు చేతులకూ కాళ్లకూ కూడా పొడవాటి ఈకలు కనిపించాయి. 2015లో వర్ణించిన జెన్‌యువాన్‌లాంగ్‌కు చేతులు పొట్టివే అయినా నిండైన రెక్కలున్నాయి. వెలాసిరాప్టర్ బతికిన గోబీలో ఇసుకే ఇసుక. ఇసుకరాయిలో ఈక ముద్ర నిలవదు కాబట్టి అక్కడ ఎముక మీది బుడిపెలతోనే సరిపెట్టుకోవాలి.

ఎగరలేని జంతువుకు రెక్కలెందుకని పాప అడుగుతుంది. వెలాసిరాప్టర్ చేతులు దాని బరువును గాలిలోకి లేపేటంత పొడవైనవి కావు. కానీ ఈకలు మొదట పుట్టింది ఎగరడానికి కాదు. ఒంటి వేడి కాపాడుకోవడం, తోటి జంతువుల ముందు విప్పి చూపించడం, గుడ్ల మీద కప్పడం, పరుగులో మలుపు తిరిగేటప్పుడు తూకం నిలుపుకోవడం వంటి పనులకు అవి అక్కరకొచ్చి ఉంటాయని పరిశోధకులు భావిస్తున్నారు. తాతముత్తాతల నుంచి వచ్చిన ఈకలను వెలాసిరాప్టర్ అలాగే నిలుపుకుంది.

ఇంకో రెండు సంగతులు పాప నోటుపుస్తకంలో రాసుకోవచ్చు. పావురం ఎదురొమ్ములో రెండు జత్రుకలు, అంటే మెడ కింద అడ్డంగా ఉండే ఎముకలు, కలిసిపోయి ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో ఒకే ఎముక అవుతుంది. దాన్ని ఫర్కులా అంటారు. వెలాసిరాప్టర్‌కూ ఫర్కులా ఉందని 1997లో తేలింది. మణికట్టులో అర్ధచంద్రాకారంలో ఒక ఎముక ఉంది. దాని వల్ల చెయ్యి పక్కకు మడుచుకుంటుంది. పక్షి రెక్క ముడిచేది సరిగ్గా ఆ కదలికతోనే. పక్షులు డైనోసార్ల వంశంలోనివని శాస్త్రవేత్తలు చెబుతున్నది ఇలాంటి ఆధారాలను ఒకదాని మీద ఒకటి పేర్చి చూసిన తరువాతే. కోడి అనుకున్నావా అని ఉపాధ్యాయుడు అడిగారు కదా, కోడికీ వెలాసిరాప్టర్‌కూ నిజంగానే చుట్టరికం ఉంది.

పాప మళ్లీ గీసేటప్పుడు కొన్ని చూసుకోవాలి. అరచేతులు నేల వైపు వేలాడుతున్నట్టు గీయకూడదు. చప్పట్లు కొట్టబోయే మనిషికి మల్లే అవి ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. తోక పాములా వంకర్లు తిరగదు. తోక ఎముకల నుంచి ముందుకు సాగిన సన్నని ఎముక కమ్ములు దాన్ని చాలావరకు బిగించి ఉంచేవి. కాలి రెండో వేలు నేలకు ఆనకూడదు, కొడవలి లాంటి గోరుతో పైకి లేచి ఉండాలి. మూతి పొడుగ్గా, సన్నగా, పైభాగం కొద్దిగా లోపలికి నొక్కినట్టు ఉండాలి. ఇక రంగు సంగతి. మైక్రోరాప్టర్ ఈకల్లో మిగిలిన వర్ణక కణికలను బట్టి అది నిగనిగలాడే నలుపని 2012లో తేలింది. వెలాసిరాప్టర్ ఈకలే దొరకలేదు కాబట్టి రంగు మాత్రం పాప ఇష్టం.

ప్రశ్న: సినిమాలో వెలాసిరాప్టర్లు మనిషికంటే ఎత్తుగా ఉంటాయి, తలుపులు తీస్తాయి. నిజంగా అంత పెద్దవా? మా స్నేహితుడు అది కోడంతే ఉంటుందంటున్నాడు. పందెం కాశాం.
— ఎనిమిదో తరగతి విద్యార్థి, తెనాలి

జవాబు: బాబూ, పందెంలో ఇద్దరూ గెలవలేదు. సినిమా దాన్ని పెద్దది చేసింది, మీ స్నేహితుడు మరీ చిన్నది చేశాడు.

అసలు వెలాసిరాప్టర్ మూతి నుంచి తోక కొస వరకు ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు. అందులో దాదాపు సగం తోకే. తుంటి దగ్గర ఎత్తు అర మీటరు, అంటే నీ మోకాలికి కాస్త అటూ ఇటూ. బరువు 15 నుంచి 20 కిలోలు. పక్కన వచ్చి నిలబడితే నువ్వు కిందికే చూడాలి. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు. కాలి గోటి ఎముక ఒక్కటే వంపు వెంట కొలిస్తే ఆరు సెంటీమీటర్లు దాటుతుంది. ఆ ఎముక మీద బతికి ఉన్నప్పుడు కొమ్ములాంటి తొడుగు కూడా ఉండేది.

మరి సినిమాలో అంత పెద్దది ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో 1964లో జాన్ ఆస్ట్రమ్ అనే శాస్త్రవేత్త బృందానికి ఇదే కుటుంబానికి చెందిన ఒక పెద్ద జంతువు ఎముకలు దొరికాయి. 1969లో ఆయన దానికి డైనోనైకస్ అని పేరు పెట్టారు. అది మూడు మీటర్ల పైచిలుకు పొడవుండేది. డైనోసార్లంటే మందకొడిగా ఈడ్చుకుంటూ నడిచే జంతువులన్న పాత అభిప్రాయాన్ని కదిలించింది ఆ ఎముకలే. 1988లో ఒక పరిశోధకుడు తన పుస్తకంలో డైనోనైకస్‌ను కూడా వెలాసిరాప్టర్ ప్రజాతిలోనే కలిపేశారు. నువ్వు చెప్పిన 'జురాసిక్ పార్క్' సినిమాకు మూలమైన నవల రాసిన రచయిత ఆ వర్గీకరణనే తీసుకున్నారు. మిగతా శాస్త్రవేత్తలు దాన్ని ఒప్పుకోలేదు కానీ, పేరు మాత్రం తెరకెక్కిపోయింది. 1993లో వచ్చిన సినిమాలో ఒళ్లు డైనోనైకస్‌ది, పేరు వెలాసిరాప్టర్‌ది. డైనోనైకస్‌కంటే కూడా కొంచెం పెంచే చూపించారు. సినిమా తీస్తున్న కాలంలోనే, 1991లో, అమెరికాలోని యూటా రాష్ట్రంలో నిజంగానే ఇదే కుటుంబానికి చెందిన ఐదారు మీటర్ల రాప్టర్ ఒకటి బయటపడింది. దానికి యూటారాప్టర్ అని పేరు పెట్టారు. అయితే ఆ రెండు పెద్ద జంతువులూ వెలాసిరాప్టర్‌కంటే మూడు కోట్ల ఏళ్లకు పైగా ముందువి. ఒకదాన్నొకటి చూసే అవకాశమే లేదు.

తలుపు గొళ్లెం కూడా దానివల్ల కాదు. ఇందాక పాపకు చెప్పానే, దాని మణికట్టు పక్కకు మడుచుకునేది. మనలా ముంజేతిని తిప్పి అరచేతిని కిందికి పెట్టి గొళ్లెం తిప్పడం ఆ ఎముకల అమరికకు సాధ్యం కాదు.

మొట్టమొదటి వెలాసిరాప్టర్ దొరికింది 1923 ఆగస్టు 11న. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ తరఫున రాయ్ చాప్‌మన్ ఆండ్రూస్ నాయకత్వంలో గోబీకి వెళ్లిన బృందంలో పీటర్ కైసెన్ అనే ఆయనకు, ఎర్రటి ఇసుకరాతి కొండ చరియల దగ్గర, నలిగిన ఒక పుర్రె, దాని పక్కన వంపు తిరిగిన గోరు కనిపించాయి. మరుసటి ఏడాది హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్బోర్న్ దానికి పేరు పెట్టారు. ఆ గోరు కాలిదన్న సంగతి అప్పట్లో తెలియదు. చేతిగోరు అనుకున్నారు.

ప్రశ్న: దోమ కడుపులోని రక్తం నుంచి డీఎన్ఏ తీసి డైనోసార్లను మళ్లీ పుట్టించవచ్చా?
— డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: కుదరదమ్మా. డీఎన్ఏ కాలంతో పాటు ముక్కలైపోతుంది. ఇప్పటివరకు చదవగలిగిన అతి పాత డీఎన్ఏ గ్రీన్‌లాండ్ గడ్డకట్టిన నేలలో దొరికింది, వయసు దాదాపు 20 లక్షల ఏళ్లు. ఆ ఫలితం 2022లో వెలువడింది. వెలాసిరాప్టర్ కాలం 7 కోట్ల ఏళ్లకు పైమాటే.

ప్రశ్న: రెండు డైనోసార్లు కొట్లాడుకుంటూ అలాగే రాయిగా మారిపోయాయని ఫోనులో ఒక ఫొటో తిరుగుతోంది. ఇది కంప్యూటర్‌లో చేసిన బొమ్మ కాదు కదా?
— విశ్రాంత ఉద్యోగి, అనంతపురం

జవాబు: కాదండీ. ఫోనుల్లో తిరిగే వాటిలో నమ్మదగ్గవి తక్కువే, కానీ ఇది అక్షరాలా నిజం. శిలాజాల చరిత్రలో ఇంతటిది మరొకటి దొరకలేదని నేను గట్టిగా నమ్ముతాను.

1971లో పోలండ్, మంగోలియా శాస్త్రవేత్తలు కలిసి గోబీలో తుగ్రిక్ అనే చోట తవ్వుతున్నప్పుడు ఇది బయటపడింది. ఆ యాత్రలకు నాయకురాలు జోఫియా కీలన్-యావరోవ్‌స్కా. ఎడారిలో అంత పెద్ద బృందాన్ని ఏళ్ల తరబడి ఒక మహిళ నడిపిందని నా విద్యార్థినులకు చెప్పకుండా ఏ ఏడూ పాఠం ముగించలేదు. అదే యాత్రల్లో పనిచేసిన హల్ష్కా ఓస్మూల్స్కా పేరును 2008లో వెలాసిరాప్టర్ రెండో జాతికి పెట్టారు. ఆ జాతి ఎముకలు చైనాలోని ఇన్నర్ మంగోలియాలో దొరికాయి.

ఇక ఆ రాయిలో ఏముందో చూద్దాం. ఒకవైపు ప్రోటోసెరాటాప్స్. గొర్రెకు సమానమైన శాకాహారి, నాలుగు కాళ్లది, చిలుక ముక్కులాంటి నోరు, మెడ మీదికి పరుచుకున్న ఎముక కవచం. బరువులో వెలాసిరాప్టర్‌కు కొన్ని రెట్లు. అది కాళ్లు ముడిచి నేలకు ఒదిగి ఉంది. దాని పక్కన వెలాసిరాప్టర్ ఒరిగి పడి ఉంది. వెలాసిరాప్టర్ కుడి ముంజేయి ప్రోటోసెరాటాప్స్ నోట్లో ఇరుక్కుపోయి ఉంది. ఎడమ చెయ్యి దాని తల మీద ఉంది. కాలి కొడవలి గోరు దాని గొంతు దగ్గర దిగబడినట్టుంది. రెండూ ఒకదాన్నొకటి వదలలేదు. ఎలా చనిపోయాయన్నదానికి ఎక్కువ మంది చెప్పేది ఇసుక. గోబీలో అప్పుడు పెద్ద పెద్ద ఇసుక తిన్నెలుండేవి. పోట్లాట మధ్యలో తిన్నె విరిగి మీద పడిందనో, ఇసుక తుఫాను కప్పేసిందనో అనుకుంటున్నారు. పోట్లాటలోనే చనిపోయిన తరువాత నిదానంగా పూడిపోయి ఉంటే కొద్ది రోజుల్లోనే ఎముకలు చెదిరిపోయేవి. అంత బిగువుగా పట్టుకున్న పట్టు పట్టినట్టే ఉండేది కాదు. ఆ శిలాజం మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో ఉంటుంది. 2000లో న్యూయార్క్‌లో ప్రదర్శనకు తీసుకెళ్లారు.

ఈ రాయి వల్ల కొడవలి గోరు గురించిన పాత అభిప్రాయం కూడా మారింది. ఎర పొట్టను ఆ గోటితో చీల్చి పేగులు లాగేసేదని చాలాకాలం రాశారు. 2005లో ఫిలిప్ మానింగ్ బృందం గోరుకు నమూనా చేసి, యంత్రపు కాలికి బిగించి, చచ్చిన పంది మాంసం మీద దెబ్బ వేయించింది. గోరు లోపలికి దిగి రంధ్రం చేసింది, చర్మాన్ని పొడుగునా చీల్చలేకపోయింది. గోరు లోపలి అంచు కత్తిలా పదునైంది కాదు, గుండ్రటిది. 2011లో డెన్వర్ ఫౌలర్, ఆయన సహచరులు ఈ కాళ్లను గద్దలు, డేగల కాళ్లతో పోల్చి చూశారు. డేగ తనకంటే చిన్న ఎర మీద వాలి, రెండో వేలి పెద్ద గోటిని దించి, ఒంటి బరువుతో నేలకు అదిమి పెడుతుంది. ఎర గింజుకుంటున్నప్పుడు రెక్కలు టపటపలాడించి తూకం నిలుపుకుంటుంది. ప్రాణం పోయే దాకా ఆగకుండానే తినడం మొదలుపెడుతుంది. వెలాసిరాప్టర్ కూడా ఇలాగే వేటాడిందని వాళ్ల వాదన. నాకు ఇది ఎంతో సబబుగా తోస్తుంది. ఎగరలేని జంతువుకు ఆ 14 ఈకలు వేటలో ఎలా పనికొచ్చాయో కూడా దీంతో అర్థమవుతుంది. అలా చూస్తే మీ ఫొటోలోని వెలాసిరాప్టర్ తన స్థాయికి మించిన జంతువుతో తలపడింది. అదిమి పెట్టలేకపోయింది. చెయ్యి దాని నోటికి చిక్కింది.

ప్రశ్న: వెలాసిరాప్టర్లు తోడేళ్లలా గుంపుగా వేటాడేవా?
— గృహిణి, హనుమకొండ

జవాబు: వెలాసిరాప్టర్ విషయంలో అలా చెప్పడానికి ఒక్క శిలాజ ఆధారమూ లేదు. దొరికినవన్నీ ఒంటరి అస్థిపంజరాలే. పైగా ఒక పుర్రె మీద వరసగా పంటి గాట్లున్నాయి. వాటి ఎడం మరో వెలాసిరాప్టర్ పళ్లకు సరిపోయింది. గాయం మానిన గుర్తులు లేవు, అంటే ఆ కాటుతోనే, లేదా కాటు పడిన కొద్ది కాలానికే చనిపోయింది. తమలో తాము ప్రాణాలు తీసుకునేటంత పోట్లాడేవన్నమాట.

తిండి విషయంలో అవి నియమాలు పెట్టుకోలేదు. ఒక ప్రోటోసెరాటాప్స్ దవడ ఎముక మీద వెలాసిరాప్టర్ లాంటి జంతువు పళ్ల గాట్లు, పక్కనే రాలిన పళ్లు కనిపించాయి. ఎక్కువ మాంసం ఉన్న భాగాలు అయిపోయాక దవడ దాకా వస్తారు కాబట్టి, అది చచ్చిన జంతువును పీక్కుతిన్న గుర్తని డేవిడ్ హోన్ బృందం 2010లో రాసింది. 2012లో అదే పరిశోధకుడు, సహచరులు ఇంకో వెలాసిరాప్టర్ పక్కటెముకల మధ్య, పొట్ట ఉండే చోట, ఎగిరే సరీసృపం టెరోసార్ ఎముక ముక్కను చూపించారు. అంత పెద్ద టెరోసార్‌ను 15 కిలోల జంతువు పడగొట్టి ఉండదు, కళేబరం దొరికితే తినేసి ఉంటుంది.

వేట వేళ గురించి కూడా ఒక ఆధారం ఉంది. పక్షులకూ చాలా డైనోసార్లకూ కనుగుడ్డులో సన్నని ఎముక పలకల వలయం ఉంటుంది. దాని లోపలి రంధ్రం ఎంత పెద్దదైతే కంట్లోకి అంత వెలుగు వెళుతుంది. వెలాసిరాప్టర్ వలయాన్ని కొలిచి, అది రాత్రి తిరిగే జంతువని 2011లో ప్రతిపాదించారు. పగలు మండిపోయే ఇసుక నేలలో రాత్రి వేట తెలివైన పనే.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటి చిన్న మాంసాహార డైనోసార్లు ఉండేవా? హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో ఉన్నది ఇదే రకమా?
— ఉపాధ్యాయుడు, వికారాబాద్

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. బిర్లా మ్యూజియంలో నిలబెట్టినది కోటాసారస్. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో కూర్చిన, పొడవాటి మెడ ఉన్న శాకాహారి. భూగర్భ సర్వే శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో దానికి పేరు పెట్టారు. అది జురాసిక్ తొలి దశ నాటిది. వెలాసిరాప్టర్‌కూ దానికీ మధ్య పది కోట్ల సంవత్సరాల దూరం ఉంది. మీ విద్యార్థులను తప్పకుండా తీసుకెళ్లండి, కానీ ఈ తేడా చెప్పి తీసుకెళ్లండి.

ఇక చిన్న మాంసాహారులు. ఉండేవి. మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌లో బడా సిమ్లా అనే కొండ ఉంది. అక్కడ చార్లెస్ మాట్లీ తవ్వి తీసిన ఎముకల్లో కొన్ని చిన్న వెన్నుపూసలకు 1933లో ఫ్రీడ్రిష్ ఫాన్ హ్యూన, మాట్లీ కలిసి లేవిసూకస్ ఇండికస్ అని పేరు పెట్టారు. వెలాసిరాప్టర్ లాగే, డైనోసార్ల ఆఖరి యుగమైన క్రెటేషియస్ చివరి దశలో, దాదాపు అంతే పొడవుతో బతికిన మాంసాహారి అది. కానీ వంశం వేరు, నోయాసారిడ్లు అనే కుటుంబం. కొడవలి గోరు రాప్టర్లతో దగ్గరి చుట్టరికం లేదు. దగ్గరి చుట్టం మడగాస్కర్‌లో ఉంది, మసియాకాసారస్. దాని కింది దవడలో ముందరి పళ్లు నిటారుగా కాకుండా ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. చేపల్లాంటి చిన్న ఎరను పట్టడానికి అవి వీలుగా ఉండేవని అనుకుంటున్నారు. చుట్టం అంత దూరాన ఎందుకుందంటే, దాదాపు 8.8 కోట్ల ఏళ్ల క్రితం వరకు భారత్, మడగాస్కర్ ఒకే భూభాగం. విడిపోయాక మన నేల సముద్రంలో ఒంటరిగా ఉత్తరానికి సాగింది. మంగోలియా జంతువులు నడిచి వచ్చే దారి లేదు.

మీరు వికారాబాద్ నుంచి రాశారు కాబట్టి ఇంకో మాట. మీ జిల్లాలోని నస్కల్ దగ్గర, లావా పొరల మధ్య చిక్కుకున్న మట్టిలో మన దేశపు మొట్టమొదటి క్రెటేషియస్ క్షీరదం దొరికింది. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో 'నేచర్' పత్రికలో ఆ విషయం ప్రకటించారు. దాని పేరు డెక్కనోలెస్టిస్. మట్టిని నీళ్లలో నానబెట్టి, సన్నని జల్లెడ పట్టి, మిగిలిన రవ్వను సూక్ష్మదర్శిని కింద వెతికితే తప్ప కనిపించనంత చిన్న పళ్లు. తరువాత దొరికిన చీలమండ ఎముకలను బట్టి అది చెట్లెక్కేదని కూడా తేలింది. లేవిసూకస్ లాంటి వేటగాళ్లు నేల మీద తిరుగుతున్న రోజుల్లో చెట్టెక్కడం వచ్చిన చిట్టి జంతువుకు అది ఎంత అక్కరకొచ్చి ఉంటుందో మీ పిల్లలను ఆలోచించమనండి. మీ బడికి దగ్గర్లో ఇంతటి చోటు ఉండగా పాఠ్యపుస్తకంలో దాని ఊసే లేకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ప్రశ్న: వెలాసిరాప్టర్ కూడా ఉల్క పడినప్పుడే చచ్చిపోయిందా?
— ఆరో తరగతి విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: చిట్టితల్లీ, వెలాసిరాప్టర్ దొరికిన రాళ్ల వయసు 7.5 కోట్ల నుంచి 7.1 కోట్ల సంవత్సరాలు. మెక్సికో తీరంలో ఆ పెద్ద గ్రహశకలం పడింది 6.6 కోట్ల ఏళ్ల క్రితం. మధ్యలో దాదాపు 50 లక్షల ఏళ్లు ఉన్నాయి. అంతకాలం తరువాతి రాళ్లలో వెలాసిరాప్టర్ జాడ లేదు. దాని కుటుంబంలోని వేరే జాతులు మాత్రం చివరి దాకా ఉన్నాయి, అవి ఆ దెబ్బకు పోయాయి.

ఆ కాలం ఎలా ముగిసిందో చెప్పే రాళ్లు మీ ఊరి పక్కనే ఉన్నాయి. కాతేరు వైపు, గోదావరి అవతల గౌరీపట్నం వైపు క్వారీల్లో నల్లరాయి కొడతారు కదా, అది లావా. పశ్చిమ కనుమల వైపు పొంగిన లావా దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి మీ దాకా వచ్చి చల్లారింది. అక్కడ రెండు లావా పొరల మధ్య సముద్రపు మట్టి పొర ఒకటి ఉంది. అందులోని సూక్ష్మజీవుల గవ్వలను పరిశీలించి, డైనోసార్లు అంతరించిన వెంటనే వచ్చిన కాలానివని గెర్టా కెల్లర్ బృందం 2008లో ప్రకటించింది. కింది లావా ఆ వినాశనానికి ముందుది, పై లావా తరువాతది. క్వారీలు ప్రమాదకరమైన చోట్లు. మీ ఉపాధ్యాయుల్లో ఎవరినైనా తోడు తీసుకుని, యజమాని అనుమతితో, పని లేని రోజున వెళ్లు. మధ్యలో ఉన్న లేత రంగు పొర దూరం నుంచే కనిపిస్తుంది.